ఈస్టు పొడి: మా లేయర్ కోళ్లకు పదకొండు నెలలు వేశాక

సంచి మూతికి కుట్టిన దారం లాగగానే పొడి కంటే ముందు వాసన బయటికి వస్తుంది. మధ్యాహ్నం దాటాక కల్లు మండువా పక్కనుంచి నడిస్తే ముక్కుకు తగిలే పులుపు వాసన అది. అందులో బేకరీ రొట్టె వాసన కూడా కొంచెం కలిసి ఉంటుంది. పొడి లేత గోధుమ రంగులో, శనగపిండి కంటే మెత్తగా ఉంటుంది. కిటికీ తెరిచి ఉంటే గాలికి లేచిపోతుంది కాబట్టి మిక్సర్ గది తలుపు వేసి, ముక్కుకు కండువా కట్టుకుని తూకం వేస్తాను. గత జూలై నుంచి ఈ పని నేనే చేస్తున్నాను, ఇంకెవరికీ అప్పగించలేదు.

మా షెడ్లు మహబూబ్‌నగర్ జిల్లాలో, బాలానగర్‌కూ జడ్చర్లకూ మధ్య, పెద్ద రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు లోపలికి ఉన్నాయి. రెండు కేజ్ షెడ్లు, ఒక్కోదానిలో ఆరు వేల బీవీ-300 రకం లేయర్ (గుడ్లు పెట్టే) కోళ్లు. మేత మేమే కలుపుకుంటాం. మక్కలు ఎక్కువగా బాదేపల్లి మార్కెట్ యార్డులో కొంటాం. నేను రాస్తున్నది సాల్మొనెల్లా అనే రోగక్రిమిని అదుపు చేస్తుందని అమ్మే ఈస్టు పొడి గురించి. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే రకం సరుకును చాలా కంపెనీలు అమ్ముతున్నాయి, ఏ సంచి కొన్నా చూసుకోవలసినవి ఒకటే.

ఎందుకు కొన్నానో చెప్పాలంటే కిందటి ఏడాది మే నెల దగ్గరికి వెళ్లాలి. ఒక రోజు రెండో షెడ్డులో తొమ్మిది కోళ్లు చచ్చాయి. ఎండ దెబ్బ అనుకుని గోనె పట్టాలు తడిపాం. మరునాడు ఇరవై ఒకటి. తురాయిలు పాలిపోయి, కోళ్లు రెక్కలు వేలాడేసి నిలబడ్డాయి. కేజ్‌ల కింద పెంట ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో పారింది. చచ్చిన కోడిని కోసి చూపించినప్పుడు కాలేయం ఉబ్బిపోయి, తోమిన ఇత్తడి బిందెలా మెరిసింది. ఆ రంగు చూడగానే డాక్టరు ఫౌల్ టైఫాయిడ్ అన్నారు, తరువాత ల్యాబు రిపోర్టు కూడా అదే చెప్పింది. యాంటీబయాటిక్ కోర్సు పెట్టాం. మందు వాడిన రోజుల గుడ్లు, ఆ తరువాత ఆగమన్న రోజుల గుడ్లు అమ్మలేదు. పొలం చివర గొయ్యి తీయించి సున్నం చల్లి పూడ్చాం. ట్రేల మీద ట్రేలు అలా గోతిలోకి ఒంపుతుంటే మా అత్తమ్మ అక్కడ నిలబడలేక ఇంటికి వెళ్లిపోయింది. ఇంకొకసారి ఆ గొయ్యి తవ్వకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఈ పొడి అమ్మే అబ్బాయి వచ్చాడు. మర్యాదస్తుడే. చెప్పులు విప్పి, షెడ్డు ముందున్న మందు నీళ్లలో కాళ్లు ముంచి మరీ లోపలికి వచ్చాడు.

"అమ్మా, ఇది టన్నుకు కిలో వేయండి. సాల్మొనెల్లా మీ గడప తొక్కదు" అన్నాడు.

"ఫౌల్ టైఫాయిడ్ కూడా రాదా బాబూ?" అని అడిగాను.

"అది కూడా సాల్మొనెల్లాయే కదమ్మా" అన్నాడు.

ఆ ఒక్క మాట దగ్గరే నాకు అనుమానం పుట్టింది. మా పెద్దమ్మాయి స్నేహితురాలు రాజేంద్రనగర్ వెటర్నరీ కళాశాలలో చదువుకుని ఇప్పుడు పౌల్ట్రీ డాక్టరుగా పనిచేస్తోంది. సంచి మీది లేబుల్ ఫోటో తీసి ఆమెకు పంపాను. ఆదివారం ఇంటికి వచ్చి, మా వాకిట్లో ముగ్గుపిండితో బొమ్మ గీసి మరీ చెప్పింది. ఆ రోజు ఆమె చెప్పింది వినకపోయి ఉంటే ఈ పొడిని కొని, నమ్మి, మళ్లీ మోసపోయేదాన్ని.

సాల్మొనెల్లా ఒక్కటి కాదు, 2,500కు పైగా రకాలున్నాయి. కోళ్లవాళ్లకు ముఖ్యంగా పనికొచ్చే లెక్క రెండు గుంపులు. పుల్లోరం, గాలినారం అనేవి కోడినే చంపుతాయి. మొదటిది కోడిపిల్లల్లో తెల్ల పారుడు తెస్తుంది, రెండోది మాకు వచ్చిన ఫౌల్ టైఫాయిడ్. ఎంటరైటిడిస్, టైఫిమ్యూరియం అనేవి ఇంకో తరహా. ఇవి పెద్ద కోడిని పెద్దగా బాధ పెట్టవు. కోడి మేత తింటుంది, గుడ్డు పెడుతుంది, చూడటానికి నిగనిగలాడుతూ ఉంటుంది, పేగులో మాత్రం క్రిమిని మోస్తుంది. ఎంటరైటిడిస్ అయితే అండాశయంలో చేరి పెంకు కట్టకముందే గుడ్డు లోపలికి పోగలదు. అక్కడి నుంచి మనిషి కడుపులోకి వచ్చి వాంతులు, విరేచనాలు, జ్వరం తెస్తుంది. పసిపిల్లలకూ ముసలివాళ్లకూ గర్భిణులకూ అది ప్రాణం మీదికి రావచ్చు.

ఇక ఈస్టు సంగతి. ఈ క్రిమి ఒంటి నిండా సన్నని నూగు ఉంటుంది. ఆ నూగు కొసలు మాన్నోజ్ అనే చక్కెరను పట్టుకుంటాయి. కోడి పేగు గోడ మీద ఆ చక్కెర ఉంటుంది కాబట్టి క్రిమి అక్కడ అతుక్కుని కాపురం పెడుతుంది. ఈస్టు కణం పై గోడలో కూడా అదే మాన్నోజ్ గొలుసులు గొలుసులుగా ఉంటుంది. మేతలో ఆ గోడల పొడి కలిస్తే క్రిమి పేగును వదిలి దీన్ని పట్టుకుంటుంది, దీనితో పాటే పెంటలో బయటికి పోతుంది. ఈ పొడి క్రిమిని చంపదు, దాని పట్టు తప్పిస్తుంది. గోడలోనే ఉండే బీటా గ్లూకాన్లు కోడి ఒంట్లోని రక్షణ కణాలను మేలుకొల్పుతాయి. కథ మొత్తం ఇంతే, ఇంత వరకు అబద్ధం లేదు.

కానీ గాలినారం నూగుకు మాన్నోజ్‌ను పట్టుకునే గుణం లేదు. అమ్మే అబ్బాయి చెప్పకుండా వదిలేసింది ఇదే. అంటే నా కోళ్లను చంపిన రోగం మీద ఈ వల పనిచేయదు. "ఫౌల్ టైఫాయిడ్ ఆగుతుందని కొనకండి ఆంటీ. మీ గుడ్డు తినేవాళ్ల కోసం అయితే కొనండి" అంది ఆ అమ్మాయి.

ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. మా ట్రేలు ఊరి కిరాణా కొట్లకు పోతాయి, వాటిలో కొన్ని అంగన్‌వాడీకి చేరతాయి. ఆరోగ్యలక్ష్మి పథకం కింద అక్కడ గర్భిణులకు రోజూ పెట్టే భోజనంలో గుడ్డు ఉంటుంది. మా కోడలికి అప్పుడు అయిదో నెల, ఆ గుడ్డు ఆమె కూడా తినేది. పొడి కొన్నాను.

ఫౌల్ టైఫాయిడ్‌కు వేరే దారి పట్టాను. ఆ రోగం తల్లికోడి నుంచి గుడ్డు ద్వారా పిల్లకు వస్తుంది. అందుకే కొత్త బ్యాచ్ ఎత్తేముందు పిల్లలను పొదిగించి అమ్మే హ్యాచరీవాళ్లను బ్రీడర్ మందకు (తల్లికోళ్లకు) రక్తపరీక్ష చేయించిన కాగితం అడిగాను. తెల్ల పలక మీద ఒక చుక్క రక్తం, ఒక చుక్క రంగు వేసిన యాంటిజెన్ అనే పరీక్ష మందు కలిపితే, రోగం మోసే కోడి రక్తం రెండు నిమిషాల్లో పలుకులు కడుతుంది. చిన్న పరీక్షే. నేను అడిగిన మొదటి హ్యాచరీ కాగితం చూపించలేదు, వాళ్ల దగ్గర పిల్లలను కొనలేదు. చచ్చిన కోళ్లను ఇంతకుముందు మా చుట్టుపక్కల చాలామందిలాగే గట్టు అవతల పడేసేవాళ్లం, కుక్కలు ఈడ్చుకొచ్చేవి. ఇప్పుడు మూతపెట్టిన గుంతలో వేసి సున్నం చల్లుతున్నాం. ఈ రెండింటికీ ఈస్టు సంచికయ్యే ఖర్చులో సగం కూడా కాలేదు.

కొనేటప్పుడు లేబుల్ చదవండి. ఈస్టు పేరుతో మార్కెట్లో మూడు రకాల సరుకు ఉంది. ఒకటి బతికున్న ఈస్టు. రెండోది ఈస్టును పులియబెట్టి, పులిసిన ద్రవంతో సహా ఎండబెట్టినది. మూడోది కణాన్ని పగలగొట్టి, లోపలి గుజ్జు తీసేసి, గోడలను మాత్రం పొడి చేసినది. క్రిమి పట్టు తప్పించే పనికి కావలసింది ప్రధానంగా మూడోది. పెల్లెట్ (గుళికల) మేత కొనేవాళ్లు ఇంకో విషయం గమనించాలి. పెల్లెట్ మిషన్‌లో వేడి 80 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి బతికున్న ఈస్టు బతకదు. గోడల పొడికి ఆ బెడద లేదు. నేను కొన్న సంచి మీద మాన్నన్లు (మాన్నోజ్ గొలుసులు) 20 శాతం, బీటా గ్లూకాన్లు 22 శాతం అని ఉంది. ఈ రెండు అంకెలూ విడివిడిగా రాయకుండా "ఈస్టు ఉత్పత్తి" అని మాత్రమే రాసి, ప్రొటీన్ శాతం పెద్ద అక్షరాల్లో వేసిన సంచి కూడా ఒకటి చూశాను. అది సగం ధరకే వస్తుంది. బీరు తయారీలో మిగిలిన ఈస్టును ఎండబెట్టినదే అందులో ఎక్కువ. మేతగా మంచిదే కావచ్చు కానీ మన పని వేరు.

మా ఊరి గౌడ పెద్దాయన ఒకరు, "కల్లు కుండ అడుగున మడ్డి పారబోస్తున్నాను కదా బిడ్డా, అది కూడా ఈస్టే అంటున్నావు, కోళ్లకు వేయరాదా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కల్లును పులియబెట్టేది చాలావరకు ఈ పొడి తయారుచేసే శాకరోమైసిస్ అనే జాతి ఈస్టే. కానీ మడ్డిలో దానితో పాటు రకరకాల బాక్టీరియా ఉంటుంది, ఆల్కహాల్ ఉంటుంది, ఏ కుండలో ఎంత ఉందో లెక్క ఉండదు. ఎండబెట్టేలోపు బూజు పడుతుంది. పెద్దాయనకు అదే చెప్పాను, ఒప్పుకున్నారు.

ఖర్చు లెక్క ఇది. కిలో 260 రూపాయలు, 25 కిలోల సంచి. లేయర్ కోడి రోజుకు దాదాపు 110 గ్రాముల మేత తింటుంది. ఆరు వేల కోళ్లకు 660 కిలోలు, టన్నుకు కిలో చొప్పున రోజుకు 660 గ్రాముల పొడి. అంటే 172 రూపాయలు. నూటికి తొంభై కోళ్లు గుడ్డు పెడితే 5,400 గుడ్లు. గుడ్డుకు మూడు పైసల పైచిలుకు పడింది. ఒక్కో సంచి ముప్పై ఎనిమిది రోజులు వచ్చింది. గుడ్డు ధర పడిపోయిన నెలల్లో మూడు పైసలు కూడా బరువే, కాదనను.

కలిపేటప్పుడు తొందరపడితే డబ్బు వృథా. ఆరు వందల అరవై గ్రాములను నేరుగా మిక్సర్‌లో పోస్తే ఒక మూలన ఉండిపోతుంది. నేను ముందు రెండు కిలోల మక్క పిండిలో చేత్తో కలుపుతాను. దాన్ని పది కిలోల పిండిలో పట్టా మీద పోసి పారతో తిరగేస్తాను. ఆ తరువాతే మిక్సర్. పొడి రంగు, మక్క పిండి రంగు దగ్గరగా ఉంటాయి కాబట్టి కలిసిందో లేదో కంటికి తెలియదు. అందుకే ఎన్నిసార్లు తిరగేయాలో లెక్క పెట్టుకున్నాను, పన్నెండు సార్లు.

ఇప్పుడు అసలు ఫలితం. మొదటి షెడ్డుకు పొడి వేశాను, రెండో షెడ్డుకు వేయలేదు. మిగతా మేత, నీళ్లు, కోళ్ల వయసు అన్నీ ఒకటే. మొదలుపెట్టే ముందు డాక్టరమ్మాయి చెప్పినట్టు గాజుగుడ్డ ముక్కలను దారానికి కట్టి కేజ్‌ల కింద పెంట మీదుగా ఈడ్చి, ఒక్కో షెడ్డు నుంచి పదేసి ముక్కలు ల్యాబుకు పంపాను. మొదటి షెడ్డులో అయిదింటిలో, రెండో షెడ్డులో నాలుగింటిలో సాల్మొనెల్లా తేలింది. ల్యాబులో పళ్లెం మీద ఎర్రటి బొట్లు, ఒక్కో బొట్టు నడుమ నల్ల చుక్క. ఫోటోలో చూస్తే కుంకుమ బొట్టు మధ్య కాటుక పెట్టినట్టుంది. అంత క్రిమి ఉన్నా కోళ్లు గుడ్లు పెడుతున్నాయి, తింటున్నాయి, నాకు ఏమీ తెలియలేదు. ఆ ఫోటో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాలుగు నెలల తరువాత మళ్లీ పంపాను. పొడి వేసిన షెడ్డులో నాలుగు, వేయని షెడ్డులో అయిదు. అంత తేడా ఒక తేడా కాదు. సంచికి సంచి డబ్బు పోసి ఇదా అని కోపం వచ్చింది. మానేద్దామని మా ఆయనతో అన్నాను. డాక్టరమ్మాయి మాత్రం, "బయటి నుంచి రోజూ వచ్చి పడుతుంటే పేగులో వల ఎంత పట్టుకుంటుంది ఆంటీ? ముందు ఎక్కడి నుంచి వస్తోందో చూద్దాం" అంది.

ఆ సాయంత్రం టార్చి పట్టుకుని మేత గదిలో తవుడు బస్తాలు ఒక్కొక్కటే జరిపాం. గోడకు ఆనించిన ఆఖరి వరుస తీయగానే కింద ఎలుక పెంటికలు, నల్ల బియ్యం గింజలు ఒలకబోసినట్టు. గోడ మూలన రెండు బొక్కలు. ఒక బస్తా అడుగున చిరిగిన చోట తవుడూ పెంటికలూ కలిసిపోయి ఉన్నాయి. ఆ బస్తానే మరునాడు మిక్సర్‌లోకి పోయేది. ఒక్క పెంటికలో లక్ష దాకా క్రిములు ఉండగలవని ఆ అమ్మాయి చెప్పింది. షెడ్లో పని చేసే దంపతులు మా దగ్గరే ఉంటారు. వాళ్లలో భార్య ఆ బస్తా వైపు చూసి, "అక్కా, ఇన్నాళ్లూ మనం కోళ్లకు ఇదే పెట్టామా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

బొక్కలను గాజు పెంకులు, సిమెంటుతో మూయించాం. బస్తాలను గోడకు జానెడు ఎడంగా, చెక్క బల్లల మీదికి ఎత్తాం. బోనులు పెట్టాం. మేత నమూనాలు కూడా పరీక్ష చేయిస్తే ఎండు చేప పొడిలోనూ క్రిమి దొరికింది. దాన్ని మానేసి సోయా చెక్క పెంచి, మెథియోనిన్ అనే పోషకం సరిచేశాం. బోరు నీళ్ల ట్యాంకు కడిగించి క్లోరిన్ మొదలుపెట్టాం. ఇవన్నీ రెండు షెడ్లకూ ఒకేలా చేశాం.

పదో నెలలో మూడోసారి పంపిన ముక్కల్లో పొడి వేసిన షెడ్డు నుంచి పదింటిలో ఒకటి, వేయని షెడ్డు నుంచి మూడు వచ్చాయి. ఎలుకలను, చేప పొడిని ఆపడంతో రెండు షెడ్లూ బాగుపడ్డాయి. ఈస్టు వేసిన షెడ్డు ఇంకొంచెం ఎక్కువ బాగుపడింది. పది గాజుగుడ్డ ముక్కలతో శాస్త్రం తేలదు, ఒక రైతు తన షెడ్డులో చూసింది మాత్రమే ఇది. నా వరకు అర్థమైంది ఏమిటంటే, ఈ పొడి శుభ్రం చేసిన షెడ్డులో పనిచేస్తుంది, మురికి షెడ్డులో ఓడిపోతుంది. గుడ్ల సంఖ్య మాత్రం పెరగలేదు. కరపత్రంలో పెరుగుతుందని బొమ్మ వేసి ఉంది. ఆ ఆశతో కొనకండి.

కంపెనీ మీద నా ఫిర్యాదులు నాలుగు. ఫౌల్ టైఫాయిడ్ ఆగుతుందని చెప్పి అమ్మడం మొదటిది, అన్నింటికంటే పెద్దది. రోగంతో కుంగిపోయిన రైతు దగ్గరికి వచ్చి ఆ మాట అనడం తప్పు. రెండోది, బ్యాచ్ విశ్లేషణ కాగితం అడిగితే ఆరు వారాలు తిప్పారు. మూడోది, లోపలి ప్లాస్టిక్ సంచి పలచన. ఆగస్టు వానల్లో ఒక సంచి అడుగున పొడి గడ్డకట్టి బూజు వాసన వచ్చింది. దాదాపు నాలుగు కిలోలు పారేశాను. మార్చి ఇవ్వమంటే నిల్వ మీ బాధ్యత అన్నారు. నాలుగోది, సంచి మీద ఒక్క తెలుగు అక్షరం లేదు. కలిపేది మా పనివాళ్లు, చదవగలిగేది తెలుగు. ఎంత వేయాలో, ఎలా నిల్వ చేయాలో తెలుగులో నాలుగు వరుసలు వేయడానికి ఎంత ఖర్చవుతుంది?

అయినా వాడుతున్నాను. 2006 నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల్లో కోడి పెరుగుదల కోసం యాంటీబయాటిక్ మేతలో వేయడం నిషేధం. మన దేశం 2019లో కోళ్లకు, పశువులకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ ఆపేసింది. రోగం లేని కోడికి రోజూ మందు వేసే కాలం పోతోంది, పోవాలి కూడా. ఆ జాగాలోకి వచ్చే వాటిలో ఈస్టు గోడల పొడి ఒకటి. గుడ్లలో మందు శేషం మిగలదు, ఆపాల్సిన రోజులు లేవు, వాడినన్నాళ్లూ గుడ్లు అమ్ముకోవచ్చు. ఆ గొయ్యి తవ్వించిన నాకు ఈ ఒక్క గుణమే మూడు పైసల విలువ చేస్తుంది.

గుడ్లు కొనేవాళ్లు ఈ రాత చదివితే వారికి ఒక మాట. పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించండి. గుడ్డు లోపల 71 డిగ్రీలకు చేరితే ఈ క్రిమి బతకదు. సగం ఉడికిన గుడ్డు పిల్లలకూ గర్భిణులకూ పెట్టకండి, మా షెడ్డు గుడ్డయినా సరే.

ఈ నెల మొదటి తారీఖు నుంచి రెండో షెడ్డుకు కూడా పొడి మొదలుపెట్టాను. కొత్త కంపెనీ సంచి, 30 కిలోమీటర్ల అవతల డీలరు దగ్గర తెచ్చాను. లోపలి ప్లాస్టిక్ మందంగా ఉంది, విశ్లేషణ కాగితం సంచితో పాటే ఇచ్చారు. తెలుగు మాత్రం దీని మీద కూడా లేదు. పాత క్యాలెండరు వెనక పెద్ద అక్షరాలతో కొలత రాసి మిక్సర్ గది గోడకు అతికించాను. గాజుగుడ్డ ముక్కలు కత్తిరించి డబ్బాలో పెట్టాను, ఆగస్టులో మళ్లీ ఇరవై పంపాలి.